వంద వసూలు చేసి నూటమూడు ఖర్చుపెట్టే బీమా కంపెనీకి లాభం ఎక్కడిది?

2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో బీమా రంగంలో విదేశీ పెట్టుబడి పరిమితిని 74 శాతం నుంచి 100 శాతానికి పెంచుతామని ప్రకటించారు. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు అందుకు చట్టం కూడా చేసింది. వాదోపవాదాలన్నీ ఆ వంద అంకె చుట్టూనే తిరిగాయి. బడ్జెట్ ప్రసంగంలో దానితోపాటు వచ్చిన ఒక షరతును చాలామంది పెద్దగా పట్టించుకోలేదు. వసూలు చేసిన ప్రీమియం మొత్తాన్ని భారతదేశంలోనే పెట్టుబడి పెట్టే కంపెనీలకే ఈ వెసులుబాటు అని అందులో చెప్పారు.

కంపెనీ విదేశీయులదైనా ఫర్వాలేదు, డబ్బు మాత్రం ఇక్కడే ఉండాలి అన్నారంటే ఆ డబ్బులో ఏదో ఉండాలి కదా. బీమా అనగానే మనకు గుర్తొచ్చేది ప్రీమియం కట్టడం, కష్టం వస్తే క్లెయిమ్ తీసుకోవడం. కట్టినవాళ్లలో ఎక్కువమందికి క్లెయిమ్ రాదు, మిగిలిందంతా కంపెనీ లాభం అని అనుకుంటాం. లెక్కలు చూస్తే అలా కనిపించదు. దేశంలోని పెద్ద ప్రైవేటు సాధారణ బీమా కంపెనీల్లో ఒకటైన ఐసీఐసీఐ లాంబార్డ్‌ను తీసుకోండి. 2024-25లో దాని కంబైన్డ్ రేషియో 102.8 శాతం. సుమారుగా చెప్పాలంటే వచ్చిన ప్రతి 100 రూపాయల ప్రీమియానికి క్లెయిములు, కమిషన్లు, ఆఫీసు ఖర్చులు కలిపి 102 రూపాయల 80 పైసలు బయటికి పోయాయి. అసలు వ్యాపారంలో నష్టమన్నమాట. అయినా అదే ఏడాది పన్నులు పోగా 2,508 కోట్ల రూపాయల లాభం వచ్చింది.

మొదట డబ్బు, తర్వాత బాధ్యత

చాలా వ్యాపారాల్లో ముందు సరుకు కొనాలి, తర్వాత అమ్మాలి, ఆ తర్వాత డబ్బు కోసం ఎదురు చూడాలి. బీమాలో ఈ వరుస తిరగబడుతుంది. ప్రీమియం చేతికి అందేదాకా రిస్కు తీసుకోకూడదని మన బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతోంది. డబ్బు ఇవాళ వస్తుంది. క్లెయిమ్ రేపు రావచ్చు, ఆరు నెలలకు రావచ్చు, పాతికేళ్లకు రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. ఫంక్షన్ హాలు యజమాని పెళ్లికి ఆరు నెలల ముందే అడ్వాన్సు తీసుకున్నట్టుగా, వేల కోట్ల రూపాయల అడ్వాన్సు బీమా కంపెనీ చేతిలో ఎప్పుడూ ఉంటుంది.

ఇలా చేతిలో నిలిచి ఉండే సొమ్మునే ఫ్లోట్ అంటారు. ఇది కంపెనీ సొంత ఆస్తి కాదు. బ్యాలెన్స్ షీటులో ఇది అప్పుల వైపు, రిజర్వుల పేరుతో కనిపిస్తుంది. కాలం ఇంకా పూర్తికాని పాలసీల ప్రీమియం, వచ్చి ఇంకా తేలని క్లెయిములు, ప్రమాదం జరిగిపోయినా కంపెనీ దాకా కబురు రాని క్లెయిములకు వేసే అంచనా, ఇవన్నీ కలిపితే ఈ రిజర్వులు అవుతాయి. తిరిగి ఇవ్వాల్సిన డబ్బే. కానీ ఇచ్చేలోపు దాని మీద వచ్చే వడ్డీ, డివిడెండు కంపెనీకి వస్తాయి. ఒక పాలసీదారుకు డబ్బు చెల్లించే వేళకు ఇద్దరు కొత్తవాళ్లు ప్రీమియం కడుతుంటే ఆ మొత్తం తరగదు, పెరుగుతూ పోతుంది.

ఈ సూత్రాన్ని వాడుకుని ఎదిగినవాళ్లలో ప్రపంచానికి బాగా తెలిసిన పేరు అమెరికాకు చెందిన వారెన్ బఫెట్. ఆయన బర్క్‌షైర్ హాథవే సంస్థ 1967లో నేషనల్ ఇండెమ్నిటీ అనే బీమా కంపెనీని కొన్నప్పుడు చేతికొచ్చిన ఫ్లోట్ సుమారు 1.9 కోట్ల డాలర్లు. 2024 చివరికి బర్క్‌షైర్ బీమా సంస్థల ఫ్లోట్ 17,100 కోట్ల డాలర్లకు చేరింది. ఆ డబ్బుతోనే షేర్లు, కంపెనీలు కొంటూ పోయారు. మన దగ్గర అలా కుదరదు. ఎందుకో కొంచెం ముందుకు వెళ్లాక చూద్దాం.

వెయ్యి కోట్ల కంపెనీ లెక్క

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. ఏడాదికి 1,000 కోట్ల ప్రీమియం వసూలు చేస్తుంది. క్లెయిములకు 780 కోట్లు పోయాయి. ఏజెంట్ల కమిషన్లు, జీతాలు, ప్రకటనలు, అద్దెలు కలిపి 260 కోట్లు. మొత్తం ఖర్చు 1,040 కోట్లు కాబట్టి బీమా వ్యాపారంలో నష్టం 40 కోట్లు, కంబైన్డ్ రేషియో 104 శాతం. బీమా వ్యాపారం మీద వచ్చే ఈ లాభనష్టాలనే అండర్‌రైటింగ్ ఫలితం అంటారు.

ఈ కంపెనీ దగ్గర పాత ఏళ్ల తేలని క్లెయిములతో కలిపి 1,500 కోట్ల ఫ్లోట్ ఉంది. వాటాదారులు పెట్టిన సొంత మూలధనం 500 కోట్లు. మొత్తం 2,000 కోట్లు బాండ్లలో, కొంత షేర్లలో పెట్టి సగటున 7.5 శాతం రాబడి తెచ్చుకుంటే 150 కోట్లు వస్తాయి. అందులో నష్టం 40 కోట్లు తీసేస్తే పన్నుకు ముందు లాభం 110 కోట్లు. వాటాదారులు పెట్టింది 500 కోట్లే కాబట్టి వాళ్ల కోణంలో ఇది 22 శాతం రాబడి. అదే 500 కోట్లను నేరుగా బాండ్లలో పెట్టుకుని ఉంటే 37.5 కోట్లే వచ్చేవి.

ఇందులో గమనించాల్సింది ఆ 40 కోట్ల నష్టాన్ని. 1,500 కోట్లు ఏడాదిపాటు వాడుకున్నందుకు కంపెనీ భరించిన ఖర్చు అది. శాతంలో 2.7 కూడా లేదు. బ్యాంకు అయితే డిపాజిటర్లకు 6, 7 శాతం వడ్డీ ఇవ్వాలి. కంబైన్డ్ రేషియో వందలోపు ఉంటే ఇంకా మంచిది, డబ్బు వాడుకోవడమే కాక పైగా కంపెనీకే ఎంతోకొంత మిగులుతుంది. రేషియో 115కి పోయిందనుకోండి. నష్టం 150 కోట్లు, పెట్టుబడి రాబడీ 150 కోట్లే. లాభం సున్నా.

థర్డ్ పార్టీకి నాలుగేళ్లు, ఆరోగ్య బీమాకు ఆరు నెలలు

అన్ని పాలసీల డబ్బూ కంపెనీ దగ్గర ఒకే కాలం ఉండదు. లాభాల గుట్టు సగం ఇక్కడే ఉంది.

రోడ్డు ప్రమాదంలో మన బండి వల్ల ఎదుటివాళ్లకు నష్టం జరిగితే థర్డ్ పార్టీ పాలసీ పరిహారం కడుతుంది. ఆ కేసు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్తుంది, అక్కడి నుంచి అప్పీళ్లకు హైకోర్టుకూ వెళ్లొచ్చు. ఏళ్లు పడుతుంది. 100 రూపాయల ప్రీమియంలో 15 రూపాయలు ఖర్చులకు పోయి 85 మిగిలాయనుకుందాం. అది సగటున నాలుగేళ్లు 7 శాతానికి పెరిగితే 111 రూపాయలు అవుతుంది. అంటే 111 రూపాయల పరిహారం కట్టినా కంపెనీకి సొంత డబ్బు పోదు. కాగితం మీద కంబైన్డ్ రేషియో మాత్రం 126.

అదే ఆరోగ్య బీమా చూడండి. ఏడాది పాలసీ. ఆసుపత్రి ఖర్చులు ఆ ఏడాది పొడవునా వస్తాయి, వారాల్లో తేలిపోతాయి. కాబట్టి డబ్బు కంపెనీ దగ్గర సగటున ఆరు నెలలు, కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఖర్చులు పోగా మిగిలిన 75 రూపాయల మీద ఆరు నెలల వడ్డీ రెండున్నర రూపాయలు. ఇక్కడ రేషియో 103 దాటితే పెట్టుబడులు ఆదుకోలేవు. ఆసుపత్రి బిల్లులు పెరిగిన వెంటనే ఆరోగ్య బీమా ప్రీమియం పెరగడానికి ఇదొక కారణం. షేర్ల మార్కెట్ ఎంత బాగున్నా ఈ వ్యాపారానికి అందేది తక్కువే.

అలాగని థర్డ్ పార్టీ బంగారు బాతు అనుకోవద్దు. మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునళ్లు పరిహారం మీద వడ్డీ కూడా కట్టమని ఆదేశించవచ్చు, సాధారణంగా ఆదేశిస్తాయి. కాబట్టి పై లెక్కలోని 111లో ఆ వడ్డీ కూడా ఇమడాలి. పైగా థర్డ్ పార్టీ ధరను కంపెనీలు వేసుకోలేవు, కేంద్ర రవాణా శాఖ నోటిఫై చేస్తుంది. ఇవాళ తీసుకున్న ప్రీమియానికి, నాలుగేళ్ల తర్వాతి జీతాలను బట్టి తేలే పరిహారానికి పొంతన కుదరకపోవచ్చు. మరోవైపు 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాల్సి వచ్చింది. సుప్రీంకోర్టు ఈ ఆదేశం ఇచ్చింది బీమా లేని బండ్లను తగ్గించడానికి. దాంతో ఐదేళ్ల డబ్బు షోరూమ్‌లోనే ముందుగా కంపెనీల చేతికి రావడం కూడా మొదలైంది.

ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది నానక్‌రాంగూడ

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ నానక్‌రాంగూడలోని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. దేశంలోని బీమా సంస్థలన్నీ ఎక్కడ, ఎంత పెట్టుబడి పెట్టవచ్చో చెప్పే నిబంధనలు అక్కడి నుంచే వస్తాయి.

జీవిత బీమా కంపెనీలు తమ సాధారణ నిధిలో కనీసం 25 శాతం కేంద్ర ప్రభుత్వ బాండ్లలో, రాష్ట్రాల బాండ్లు వగైరా కలుపుకుని కనీసం 50 శాతం ప్రభుత్వ సెక్యూరిటీల్లో పెట్టాలి. గృహనిర్మాణం, మౌలిక వసతులకు కనీసం 15 శాతం పోవాలి. సాధారణ బీమా కంపెనీలకు ఆ మొదటి రెండు పరిమితులు 20, 30 శాతం. ఒకే కంపెనీ షేర్లలో మామూలుగా 10 శాతం వాటా మించకూడదు, చాలా పెద్ద బీమా సంస్థలకు 15 శాతం దాకా అనుమతి ఉంది. పాలసీదారుల డబ్బును దేశం బయట పెట్టకూడదని చట్టంలోనే ఉంది. బఫెట్ పద్ధతి ఇక్కడ కుదరదని అన్నది ఇందుకే.

ఇవి కాక బాధ్యతల కంటే ఆస్తులు ఎంత ఎక్కువ ఉండాలో చెప్పే సాల్వెన్సీ నియమం ఒకటి ఉంది. తప్పనిసరిగా ఉంచాల్సిన మార్జిన్‌కు కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే 150 శాతం ఉండాలి.

ప్రభుత్వానికి దీనివల్ల సౌకర్యం చెప్పనక్కర్లేదు. అప్పు కావాల్సిన ప్రతిసారీ బాండ్లు కొనడానికి సిద్ధంగా ఒక పెద్ద వర్గం ఉంటుంది. 2023 నవంబరులో కేంద్రం మొదటిసారి 50 ఏళ్ల బాండు జారీ చేసినప్పుడు దాని మీద ఎక్కువ ఆసక్తి చూపినవాళ్లు జీవిత బీమా కంపెనీలే. 30 ఏళ్ల కుర్రాడికి పెన్షన్ పాలసీ అమ్మినవాళ్లకు అంత పొడవాటి బాండు అవసరమే.

జీవిత బీమాలో మూడు ఒప్పందాలు, మూడు లాభాలు

సాధారణ బీమాలో పెట్టుబడి రాబడి కంపెనీదే, అందులో గందరగోళం లేదు. జీవిత బీమాకు వచ్చేసరికి అసలు ప్రశ్న మారిపోతుంది. డబ్బు ఇరవై, ముప్పై ఏళ్లు ఉంటుంది, రాబడి పెద్దది, మరి అది ఎవరిది? పాలసీ రకాన్ని బట్టి జవాబు మారుతుంది.

బోనస్ వచ్చే పాలసీలను పార్టిసిపేటింగ్ పాలసీలు అంటారు. మన ఇళ్లలో బీరువాల్లో ఉండే పాత ఎండోమెంట్, మనీ బ్యాక్ బాండ్లు చాలావరకు ఇవే. ఈ నిధిలో తేలిన మిగులులో 90 శాతం లేదా అంతకన్నా ఎక్కువ బోనస్ రూపంలో పాలసీదారులకు వెళ్లాలి, వాటాదారులకు గరిష్ఠంగా 10 శాతం. పెట్టుబడులు బాగుంటే బోనస్ పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. రిస్కు, రాబడి రెండింట్లోనూ పెద్ద వాటా పాలసీదారుడిదే.

ఇంత కడితే ఇంత ఇస్తామని ముందే రాసిచ్చేవి నాన్ పార్టిసిపేటింగ్ పాలసీలు. టర్మ్ పాలసీలు, గ్యారంటీ ఆదాయ పాలసీలు, పెన్షన్ ఇచ్చే యాన్యుటీలు ఈ కోవలోవి. ఇక్కడ రాసిచ్చిన మొత్తానికి మించి వచ్చిన ప్రతి రూపాయీ వాటాదారులదే. తక్కువైతే భరించాల్సిందీ వాళ్లే. 6 శాతం చొప్పున హామీ ఇచ్చి 7.2 శాతం బాండ్లు కొనగలిగితే ఆ 1.2 శాతంలో ఖర్చులు పోగా మిగిలేది లాభం. చూడటానికి తేలిక. కానీ పాలసీదారుడు పన్నెండేళ్లపాటు ప్రీమియం కడతాడు. పదో ఏట కట్టే ప్రీమియానికి ఆనాటి వడ్డీ రేటే దొరుకుతుంది, హామీ మాత్రం మొదటి రోజే ఇచ్చేశారు. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2025 ఫిబ్రవరిలో 6.5 శాతం నుంచి తగ్గడం మొదలై డిసెంబరుకు 5.25 శాతానికి వచ్చింది. ఇలాంటి రోజుల కోసమే కంపెనీలు బ్యాంకులతో ముందస్తు ఒప్పందాలు చేసుకుని రాబోయే ప్రీమియాల వడ్డీ రేటును ఇప్పుడే ఖాయం చేసుకుంటాయి.

మూడోది యూలిప్, అంటే మన డబ్బును మార్కెట్‌తో ముడిపెట్టే పాలసీ. ఇందులో మార్కెట్ లాభమైనా నష్టమైనా పూర్తిగా మనదే. కంపెనీ ఆదాయం ఛార్జీలు. నిధి నిర్వహణ ఛార్జీ ఏడాదికి 1.35 శాతం మించకూడదని పరిమితి ఉంది. నిధి విలువ 10 లక్షలైతే గరిష్ఠంగా 13,500 రూపాయలు, మార్కెట్ పడిన ఏడాది కూడా. కంపెనీకి రిస్కు బాగా తక్కువ, లాభం కూడా పరిమితమే.

అన్ని జీవిత బీమా పాలసీలకూ పెట్టుబడి లాభం ఉంటుందని కూడా అనుకోలేం. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి అమలవుతున్న రైతుబీమా ఎల్‌ఐసీ గ్రూప్ పాలసీ. 18 నుంచి 59 ఏళ్ల రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి, ప్రీమియం ప్రభుత్వం కడుతుంది. ఏడాదికొకసారి కట్టడం, ఆ ఏడాదిలోనే చెల్లింపులు. డబ్బు నిలిచే వ్యవధే లేదు. ఇక్కడ కంపెనీకి ఏమైనా మిగలాలంటే మరణాల అంచనా సరిగ్గా వేసుకోవాల్సిందే.

ఎల్‌ఐసీ లాభం ఒక్క ఏడాదిలో తొమ్మిది రెట్లు అయిన కథ

ఎల్‌ఐసీ 2021-22 లాభం 4,043 కోట్లు. 2022-23 లాభం 36,397 కోట్లు. ఒక్క ఏడాదిలో పాలసీలు తొమ్మిది రెట్లు అమ్మలేదు, మార్కెట్ తొమ్మిది రెట్లు పెరగలేదు. మారింది డబ్బు ఎవరి ఖాతాలో రాయాలన్న నియమం.

1956లో ఎల్‌ఐసీ ఏర్పడినప్పుడు ప్రభుత్వం పెట్టిన మూలధనం 5 కోట్లు. ఆ తర్వాత దశాబ్దాలపాటు బోనస్ ఉన్న పాలసీలు, లేని పాలసీలు అన్నీ ఒకే నిధి. తేలిన మిగులులో 95 శాతం పాలసీదారులకు, 5 శాతం ప్రభుత్వానికి. 2022 మేలో షేర్లు జనానికి అమ్మే ముందు చట్టం సవరించి ఆ నిధిని రెండుగా విడగొట్టారు. బోనస్ పాలసీల నిధిలో వాటాదారుల వాటాను మెల్లగా 5 నుంచి 7.5కి, 2024-25 నుంచి 10 శాతానికి పెంచారు. బోనస్ లేని నిధి మిగులు పూర్తిగా వాటాదారులదే అన్నారు. 2022-23లో ఈ రెండో నిధి నుంచి 27 వేల కోట్లకు పైగా వాటాదారుల ఖాతాకు బదిలీ అయింది. పెరిగిన లాభంలో సింహభాగం అదే.

దీని మీద రెండు వాదనలున్నాయి. ప్రైవేటు కంపెనీలకు మొదటి నుంచీ ఉన్న 90:10 నియమాన్నే ఎల్‌ఐసీకీ వర్తింపజేశారు, వాటాదారులకు న్యాయమైన వాటా లేకపోతే షేరు ఎవరు కొంటారు అనేది ఒకటి. ఏజెంట్లు ఊరూరా తిరిగి తెచ్చిన పాలసీదారుల డబ్బుతో ఎదిగిన సంస్థ అది, బోనస్ లేని పాలసీల మిగులు కూడా ఇన్నాళ్లు బోనస్ పాలసీదారులకు ఉపయోగపడింది, దాన్ని పక్కకు తీయడం వాళ్లకు అన్యాయం అనేది రెండోది. ఎల్‌ఐసీ ఉద్యోగ సంఘాలు ఆనాడు గట్టిగా వినిపించింది ఈ రెండో వాదననే. నా మటుకు నాకు రెండోదానిలో చరిత్ర బలంగా, మొదటిదానిలో లెక్క బలంగా కనిపిస్తాయి.

ఇరవై ఏళ్ల పాలసీలో మూడున్నర లక్షల తేడా

ఏటా 50,000 చొప్పున 20 ఏళ్లు కట్టే సంప్రదాయ పాలసీని అనుకుందాం. నిధి మీద కంపెనీ సగటున 7 శాతం సంపాదిస్తోంది. కోతలేమీ లేకపోతే మెచ్యూరిటీకి 21.93 లక్షలు కావాలి. పాలసీదారుడికి అందే రాబడి 5.5 శాతమే అయితే చేతికొచ్చేది 18.39 లక్షలు. తేడా 3.54 లక్షలు.

ఇదంతా కంపెనీ మింగేసిందని సోషల్ మీడియాలో తిట్టడం తేలిక. నిజానికి అందులో మొదటి ఏడాది భారీ కమిషను, తర్వాతి ఏళ్ల చిన్న కమిషన్లు, ఆఫీసు ఖర్చులు, ఆ ఇరవై ఏళ్లలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇచ్చిన డబ్బు, చివరగా వాటాదారుల వాటా ఉన్నాయి. ఈ చివరి ముక్క బోనస్ పాలసీలో చిన్నదే. ఖర్చులే పెద్దవి. పెట్టుబడి లాభం ఎవరికి దక్కిందన్న ప్రశ్నకు బోనస్ పాలసీలో చాలాసార్లు జవాబు అమ్మకం వ్యవస్థకు అని.

మధ్యలో మానేసినవాళ్ల సంగతి వేరు. మొదటి రెండు మూడేళ్లకే కట్టడం ఆపేసినవాళ్లు వదిలేసుకున్న సొమ్ము ఏళ్లపాటు కంపెనీలకు మరో ఆదాయం అయింది. 2024 అక్టోబరు నుంచి సరెండర్ నియమాలు మారాయి. ఒక పూర్తి ఏడాది ప్రీమియం కట్టినవాళ్లకూ ఇప్పుడు ఎంతోకొంత తిరిగి వస్తుంది.

క్లెయిమ్ ఆలస్యం చేస్తే వాళ్లకు వడ్డీ మిగులుతుందా?

డబ్బు ఎంతకాలం ఉంచుకుంటే అంత లాభం అన్నాక ఈ అనుమానం రాక మానదు. అంకెల్లో చూస్తే నిజమే, 5 లక్షల క్లెయిమ్‌ను రెండు నెలలు ఆపితే 7 శాతం చొప్పున 5,800 రూపాయలు మిగులుతాయి. అందుకే గడువు దాటిన క్లెయిమ్ మీద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు 2 శాతం కలిపి వడ్డీ కట్టాలని ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. బాండ్ల మీద వచ్చే రాబడి కంటే అది సాధారణంగా ఎక్కువే కాబట్టి కావాలని ఆపితే గిట్టుబాటు కాదు. ఆ వడ్డీ అడగాలని తెలిసినవాళ్లు ఎంతమంది అనేది వేరే ప్రశ్న. అసలు తిరస్కరించిన క్లెయిమ్‌కు ఈ నియమం పనికిరాదు, అక్కడ కంపెనీకి మిగిలేది వడ్డీ కాదు, అసలే.

ముంద్రా నుంచి ఐడీబీఐ దాకా: ఎవరి డబ్బు, ఎవరి నిర్ణయం

ఇంత పెద్ద మొత్తం ఒకచోట పోగైతే దాని మీద అందరి కన్నూ పడుతుంది. ఎల్‌ఐసీ పుట్టిన ఏడాదికే, 1957లో, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల్లో సుమారు 1.24 కోట్లు పెట్టించారు. కష్టాల్లో ఉన్న కంపెనీలు. ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో బయటపెట్టారు, జస్టిస్ ఎం.సి. చాగ్లా బహిరంగ విచారణ జరిపారు, ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1958లో రాజీనామా చేశారు.

2019 జనవరికి ఎల్‌ఐసీ మొండి బాకీలతో కుంగిన ఐడీబీఐ బ్యాంకులో 51 శాతం వాటా కొనడం పూర్తిచేసింది. 15 శాతం పరిమితి నుంచి ఐఆర్‌డీఏఐ ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. విమర్శకులకు ఇది ప్రభుత్వం తన భారాన్ని పాలసీదారుల నెత్తిన వేయడం. బ్యాంకు శాఖల ద్వారా పాలసీలు అమ్ముకోవచ్చు, తక్కువ ధరకు కొన్న వాటా రేపు విలువైనది కావచ్చు అన్నది సమర్థించినవాళ్ల మాట. ఆ తర్వాత బ్యాంకు లాభాల్లోకి వచ్చింది. దాంతో కొన్న రోజున తీసుకున్న నిర్ణయం సరైనదేనని తేలిపోదు, అయితే నష్టం ఖాయమన్న జోస్యం కూడా నిలబడలేదు.

2023 జనవరిలో అదానీ గ్రూపు షేర్లు కుప్పకూలినప్పుడు ఎల్‌ఐసీ తన లెక్క బయటపెట్టింది. ఆ గ్రూపులో షేర్లు, బాండ్లు కలిపి పెట్టింది 36,474.78 కోట్లు, మొత్తం ఆస్తుల్లో ఒక శాతం లోపే. ఒక శాతమే కదా అని ఒక పక్షం, ఒక శాతం కూడా 36 వేల కోట్లు కదా అని మరో పక్షం. రెండూ ఒకే అంకె మీద నడిచిన వాదనలు. 2025 మార్చి నాటికి ఎల్‌ఐసీ నిర్వహణలోని ఆస్తులు 54 లక్షల కోట్లు దాటాయి. ఈ స్థాయిలో ఏ ఒక్క కంపెనీ షేరూ సంస్థను ముంచలేదు, కానీ ప్రతి కొనుగోలూ వార్తే అవుతుంది.

లెక్క తప్పిన చోట్లు

జపాన్‌లో 1980లలో జీవిత బీమా కంపెనీలు 5.5-6 శాతం దాకా రాబడికి హామీ ఇస్తూ పాలసీలు అమ్మాయి. 1990లలో ఆ దేశంలో వడ్డీ రేట్లు సున్నా వైపు జారాయి. తెచ్చేది తక్కువ, ఇవ్వాల్సింది ఎక్కువ. 1997లో నిస్సాన్ మ్యూచువల్ లైఫ్ కూలింది, 2001 వచ్చేసరికి మొత్తం ఏడు జీవిత బీమా సంస్థలు పడిపోయాయి. వాళ్లు షేర్ల జూదం వల్లే మునిగిపోయారని చెప్పడానికి లేదు, ప్రధానంగా పాత హామీలే ముంచాయి. ఇవాళ మన దేశంలో టీవీ ప్రకటనల్లో కనిపించే జీవితాంతపు గ్యారంటీ పాలసీల వెనుక ఉన్న రిస్కు సరిగ్గా ఇదే. 2008లో అమెరికాలో ఏఐజీ అనే పెద్ద బీమా సంస్థ కథ దీనికి భిన్నం. అక్కడి బీమా శాఖలు తమ బాండ్లను అరువిచ్చి వచ్చిన డబ్బును ఇళ్ల రుణాల సెక్యూరిటీల్లో పెట్టాయి, మరో విభాగం ఇతరుల అప్పులకు హామీలు అమ్మింది. చివరికి ప్రభుత్వం 18,200 కోట్ల డాలర్ల దాకా సాయం ప్రకటించాల్సి వచ్చింది.

మన దగ్గర జరిగింది ఇంత నాటకీయంగా లేదు, నెమ్మదిగా జరిగింది. ప్రభుత్వ సాధారణ బీమా సంస్థలు పెద్ద కంపెనీల ఉద్యోగుల గ్రూప్ ఆరోగ్య పాలసీలను పోటీపడి చౌకగా ఇచ్చాయి. క్లెయిముల్లో పోయింది పెట్టుబడుల్లో వస్తుందన్న ధీమా. కానీ పైన చూసినట్టు ఆరోగ్య బీమా డబ్బు ఆరు నెలలకు మించి నిలవదు. నష్టాలు పూడ్చడానికి ఏటా పాత షేర్లు అమ్మడం అలవాటైంది. నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా సంస్థల సాల్వెన్సీ 150 శాతం కిందికి పడిపోయింది. 2019-20 నుంచి మూడేళ్లలో కేంద్రం ఈ మూడింటికి 17,450 కోట్ల మూలధనం ఇచ్చింది, వ్యాపారం పెంచుకోవడం కంటే లాభదాయకంగా నడపడం మీద దృష్టి పెట్టమంది.

నాలుగో ప్రభుత్వ సంస్థ న్యూ ఇండియా అష్యూరెన్స్‌కు ఆ సాయం అవసరం పడలేదు. దాని కంబైన్డ్ రేషియో కూడా వందకు పైనే ఉంటోంది, కానీ దశాబ్దాల కిందట కొన్న షేర్ల విలువ భారీగా పెరిగి ఉంది. మన బీమా లెక్కల పద్ధతిలో ఆ పెరుగుదల లాభనష్టాల పట్టికలోకి వెంటనే రాదు, ఫెయిర్ వాల్యూ ఖాతాలో పక్కన ఉంటుంది. షేరు అమ్మిన రోజునే లాభంగా నమోదవుతుంది. ఏ షేరు, ఏ ఏడాది, ఎంత అమ్మాలో నిర్ణయించేది యాజమాన్యమే కాబట్టి, సాధారణ బీమా కంపెనీ ఒక ఏడాది లాభాన్ని బట్టి ఆ ఏడాది బీమా వ్యాపారం బాగా సాగిందని చెప్పలేం. లాభం పెరిగిన ఏడాదిలోనే అండర్‌రైటింగ్ నష్టం కూడా పెరిగి ఉండవచ్చు.